తెల్ల మచ్చ: హెమాంజియోమా అని నేను రాసిన ఒక లివర్ ట్యూమర్ కేసు

“సెగ్మెంట్ 6లో 11 మి.మీ. హైపర్‌ఎకోయిక్ మచ్చ. హెమాంజియోమా అయి ఉండవచ్చు.”

ఈ వాక్యం రాసింది నేనే. హైపర్‌ఎకోయిక్ అంటే స్కాన్‌లో తెల్లగా మెరిసేది, సెగ్మెంట్ 6 అంటే లివర్‌లో ఒక భాగం. ఎనిమిది నెలల తర్వాత అదే మనిషి అదే బల్ల మీద పడుకున్నాడు. అప్పటికి ఆ మచ్చ 19 మి.మీ. అయింది. అది హెమాంజియోమా (నిరపాయకరమైన రక్తనాళాల ముద్ద) కాదు, హెపాటోసెల్యులర్ కార్సినోమా. అంటే లివర్‌లోనే పుట్టే క్యాన్సర్. మొదటిసారి నేను ఎక్కడ పొరబడ్డానో, రెండోసారి అదే అల్ట్రాసౌండ్‌తో అసలు సంగతి ఎలా తేలిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. స్కానింగ్ చేసే తోటి డాక్టర్లకు, నేర్చుకుంటున్న పీజీలకు ఇది పనికొస్తుందని ఆశ. ‘లివర్‌లో మచ్చ’ అన్న రిపోర్టు చేతికొచ్చి టెన్షన్ పడుతున్నవాళ్ళకు కూడా కొంత స్పష్టత రావచ్చు. రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను.

మొదటి స్కాన్

ఆయనకు 54 ఏళ్ళు. అన్నం తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తోందని సర్జన్ దగ్గరికి వెళ్తే, కడుపు స్కాన్ రాసి పంపారు. చీటీ మీద ‘పిత్తాశయంలో రాళ్ళా?’ అన్న ఒక్క ప్రశ్నే ఉంది. లివర్ జబ్బు ఉందని గానీ, పచ్చకామెర్లు వచ్చాయని గానీ ఆయన చెప్పలేదు. అప్పటికి రక్త పరీక్షలేవీ చేయించుకోలేదు.

రాళ్ళు ఉన్నాయి. 6 మి.మీ. రాళ్ళు రెండు, కదిలిస్తే కదులుతున్నాయి, వెనక నల్లటి నీడ చక్కగా పడుతోంది. పిత్తాశయం గోడ మందంగా లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. సరిగ్గా ఇక్కడే కంటికి ఒక తృప్తి వచ్చేస్తుంది. వెతుకుతున్నది దొరికాక మిగతావాటి మీద చూపు పలచబడుతుంది. నాకు ఆ రోజు జరిగింది అదే. లివర్‌ను చూశాను, కుడి లోబ్ వెనక భాగంలో చిన్న తెల్ల మచ్చ కనిపించింది, కొలిచాను, హెమాంజియోమా అని రాశాను.

అదే రిపోర్టులో నేను రాసిన మరో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి, ‘లివర్ ఎకోటెక్స్చర్ (స్కాన్‌లో కణజాలం కనబడే తీరు) కొద్దిగా గరుకుగా ఉంది’. రెండోది, ‘ప్లీహం 12.8 సెం.మీ., పై హద్దులో ఉంది’. విడివిడిగా చూస్తే రెండూ చిన్న విషయాలే. రోజుకు ఎంతోమందిలో ఇలాంటివి కనబడుతుంటాయి. కానీ గరుకైన లివర్, పెద్దదవుతున్న ప్లీహం, ఒక కొత్త మచ్చ ఒకే మనిషిలో ఉన్నప్పుడు మూడింటినీ కలిపి చదవాలి. నేను మూడింటినీ చూశాను, మూడింటినీ రాశాను, కలిపి చదవలేదు.

రెండో స్కాన్

కొన్నాళ్ళకు నొప్పి తగ్గడంతో ఆయన ఆపరేషన్ వాయిదా వేసుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత నొప్పి తిరగబెట్టింది. ఆపరేషన్‌కు ముందు మామూలుగా చేసే రక్త పరీక్షల్లో రెండు విషయాలు బయటపడ్డాయి. ప్లేట్‌లెట్లు 92,000 మాత్రమే ఉన్నాయి. హెపటైటిస్ బి పాజిటివ్. సర్జన్ వెంటనే ఆపరేషన్ ఆపి హెపటాలజిస్ట్ (లివర్ నిపుణుడు) దగ్గరికి పంపారు. అక్కడ ఫైబ్రోస్కాన్ చేస్తే లివర్ గట్టిదనం 19 కిలోపాస్కల్స్ వచ్చింది. 10 దాటితేనే లివర్ దెబ్బతినడం బాగా ముదిరిందని అనుమానించాలి, 15 దాటితే అది దాదాపు ఖాయం. బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.6, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.2. కడుపులో నీరు లేదు, తికమక లేదు. లివర్ పనితీరును అంచనా వేసే చైల్డ్-ప్యూ లెక్కలో 5 పాయింట్లు, అంటే ‘ఎ’ తరగతి. లివర్ పాడయింది కానీ పని ఇంకా నడిపించుకొస్తోంది. ట్యూమర్ మార్కర్ ఆల్ఫా ఫీటోప్రోటీన్ 14 మాత్రమే. అది మామూలుగా ఉందని ధైర్యపడటానికి వీల్లేదు. చిన్న క్యాన్సర్లు చాలావాటిలో అది పెరగదు.

ఈసారి చీటీ మీద ప్రశ్న వేరు: ‘సిర్రోసిస్, హెపటైటిస్ బి. లివర్‌లో మచ్చ సంగతి చూడండి.’ సిర్రోసిస్ అంటే లివర్ పీచు కట్టి గట్టిపడిపోవడం.

పాత రిపోర్టు తెరిచి కింద నా సంతకం చూసినప్పుడు గుండె ఒక్కసారి బరువెక్కింది. స్కాన్ మొదలుపెట్టేముందు కాసేపు ఆగాను. మచ్చను వెతకడం పక్కనపెట్టి, ముందు లివర్‌ను చదవాలని నిర్ణయించుకున్నాను.

కడుపు స్కాన్‌కు సాధారణంగా వాడే వంపు ప్రోబ్ 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ధ్వని తరంగాలు లోతుకు వెళ్తాయి, కానీ పైపైన ఉన్న సూక్ష్మమైన తేడాలు అంత బాగా చూపించవు. అందుకని థైరాయిడ్‌కు, రక్తనాళాలకు వాడే లీనియర్ ప్రోబ్ తీసుకుని ఎడమ లోబ్ ఉపరితలం మీద పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న లివర్ అంచు పలుచని తెల్ల దారంలా తిన్నగా కనబడుతుంది. ఇక్కడ ఆ దారం ఎగుడుదిగుడుగా, చిన్న చిన్న బుడిపెలతో అలలుగా ఉంది. ప్రోబ్ మార్చడానికి అర నిమిషం పట్టదు. మొదటిసారి ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్ 14 మి.మీ. (మామూలుగా 13 దాటకూడదు). ప్లీహం 14.2 సెం.మీ.కి పెరిగింది. లివర్ వెనక ఉండే చిన్న భాగం, కాడేట్ లోబ్, కొంచెం ఉబ్బి ఉంది. పోర్టల్ వెయిన్ లోపల గడ్డ ఏమీ లేదు, రక్తం లివర్ వైపే ప్రవహిస్తోంది. లివర్ ట్యూమర్ అనుమానం ఉన్న ప్రతి స్కాన్‌లోనూ పోర్టల్ వెయిన్‌ను కొమ్మలదాకా వెంబడించి చూడాలి. ట్యూమర్ అందులోకి పాకితే చికిత్స మొత్తం మారిపోతుంది.

ఆ తర్వాత మచ్చ దగ్గరికి వచ్చాను. 19 మి.మీ. గుండ్రంగా ఉంది. మధ్యలో తెలుపు, అందులో అక్కడక్కడా నల్లటి భాగాలు, చుట్టూ సన్నని నల్ల అంచు. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టి స్కేల్ తగ్గించి చూస్తే అంచు నుంచి లోపలికి ఒక సన్నని నాళం వెళ్తోంది. పల్స్‌డ్ డాప్లర్‌లో అది ధమని అని తేలింది. హెమాంజియోమాలో రక్తం చాలా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మామూలు డాప్లర్‌లో రంగు సాధారణంగా పడదు.

పాత బొమ్మలు కూడా తెరిచాను. ఆ రోజు నేను సేవ్ చేసినవి రెండే. డాప్లర్ బొమ్మ లేదు. రెండో బొమ్మను పెద్దది చేసి చూస్తే, 11 మి.మీ. తెల్ల మచ్చ చుట్టూ సగం దాకా ఒక నల్లటి గీత ఉంది. హెమాంజియోమాకు అలాంటి అంచు ఉండదు. ఆ గీత ఆ రోజు కూడా స్క్రీన్ మీద ఉన్నదే.

11 నుంచి 19కి పెరగడమంటే ‘8 మి.మీ.యే కదా’ అనిపిస్తుంది. వ్యాసాన్ని బట్టి ఘనపరిమాణం లెక్క కడితే ఐదు రెట్లకు పైగా పెరిగింది. ఎనిమిది నెలల్లో ఐదు రెట్లంటే సుమారు వంద రోజులకోసారి రెట్టింపు అయినట్టు. హెమాంజియోమాలు ఎక్కువగా ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉన్నంతే ఉంటాయి.

ఆయన నా మొహంకేసి చూస్తూ అడిగారు: “పోయినసారి ఏం భయంలేని మచ్చ అన్నారు కదా, డాక్టరు గారూ?”

“అవునండీ, అలానే రాశాను. అప్పుడు మీ లివర్ పాడైందన్న సంగతి నేను పట్టుకోలేకపోయాను. ఇప్పుడు ఆ మచ్చ పెరిగింది. అదేమిటో ఇవాళే తేల్చే పరీక్ష ఒకటి ఉంది, చేద్దాం,” అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “సరే, చెయ్యండి,” అన్నారు.

తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కావు

హెమాంజియోమా అంటే సన్నని రక్తనాళాల ముద్ద. లివర్‌లో వచ్చే నిరపాయకరమైన కంతుల్లో ఇదే ఎక్కువ. లోపల లెక్కలేనన్ని చిన్న గోడలు ఉండటం వల్ల ధ్వని తరంగాలు ప్రతి గోడ దగ్గరా కొంత వెనక్కి తిరిగి వస్తాయి. అందుకే తెల్లగా మెరుస్తుంది, అంచు కోసినట్టు స్పష్టంగా ఉంటుంది. లివర్ జబ్బు లేదు, వేరే క్యాన్సర్ లేదు అని తెలిసిన మనిషిలో ఇలాంటి చిన్న తెల్ల మచ్చ కనబడితే అది హెమాంజియోమా అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. అలాంటివాళ్ళు భయపడాల్సిన పని లేదు. ఈ కేసు చదివి వాళ్ళు నిద్ర పోగొట్టుకోకూడదనే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

కానీ చిన్న హెపాటోసెల్యులర్ కార్సినోమా కూడా తెల్లగా ఉండగలదు. దానికి కారణం వేరు. ట్యూమర్ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల సైజులో ఉన్నప్పుడు పోర్టల్ వెయిన్ నుంచి వచ్చే రక్తం తగ్గిపోతుంది, కొత్త ధమనులు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవు. ఆ కొరతలో కణాల్లో కొవ్వు పేరుకుంటుంది. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు తెల్లగా కనబడుతుంది. పేగుల నుంచి లివర్‌కు పాకిన కొన్ని క్యాన్సర్లు కూడా తెల్లగానే ఉంటాయి. మరోవైపు, బాగా కొవ్వు పట్టిన లివర్‌లో అసలైన హెమాంజియోమా నల్లగా కనబడుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్నదంతా దానికంటే తెల్లగా ఉంటుంది. కాబట్టి రంగు చూసి పేరు పెట్టలేం. పైగా సిర్రోసిస్ ముదిరేకొద్దీ హెమాంజియోమాలు ముడుచుకుపోతాయి. అలాంటి లివర్‌లో కొత్తగా కనబడిన తెల్ల మచ్చకు ఆ పేరు అంత తేలిగ్గా ఇవ్వకూడదు.

లివర్ మచ్చలను వర్గాలుగా విడదీసే అల్ట్రాసౌండ్ లై-రాడ్స్ పద్ధతిలో ఈ తేడా చాలా స్పష్టంగా ఉంటుంది. సిర్రోసిస్ లాంటి ముప్పు ఉన్నవాళ్ళకు చేసే నిఘా స్కాన్‌లో, హానిలేనిదని కచ్చితంగా చెప్పలేని 10 మి.మీ. లేదా అంతకంటే పెద్ద మచ్చ కనబడితే అది ‘యూఎస్-3’. వెంటనే కాంట్రాస్ట్ పరీక్షకు, అంటే సిరలో మందు ఇచ్చి చేసే స్కాన్‌కు, పంపాలి. 10 మి.మీ. కంటే చిన్నదైతే ‘యూఎస్-2’, మూడు నుంచి ఆరు నెలల్లో మళ్ళీ చూడాలి. నేను చూసిన మచ్చ 11 మి.మీ. ఆయన లివర్ సంగతి నాకు ఆ రోజే అర్థమై ఉంటే ఆ మచ్చ యూఎస్-3 అయ్యేది, ఎనిమిది నెలలు కలిసొచ్చేవి.

బుడగలు చెప్పిన సమాధానం

కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఈ కేసు తేలింది దానితోనే కాబట్టి.

ఇందులో వాడే మందు సూక్ష్మమైన వాయు బుడగలు. మేం వాడినవాటిలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు ఉంటుంది, పైన ఫాస్ఫోలిపిడ్ పొర. ఒక్కో బుడగ సగటున రెండున్నర మైక్రాన్లు, ఎర్ర రక్తకణం కంటే చిన్నది. చేతి సిరలో ఇస్తే ఊపిరితిత్తులు దాటి లివర్‌కు చేరుతుంది. ధ్వని తగిలినప్పుడు బుడగ వ్యాకోచిస్తూ సంకోచిస్తూ ఒక ప్రత్యేకమైన ప్రతిధ్వని ఇస్తుంది. యంత్రం దాన్ని మాత్రమే ఏరి చూపిస్తుంది. కాసేపటికి ఆ వాయువు ఊపిరితోనే బయటకు పోతుంది. కిడ్నీలకు సంబంధం లేదు కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ ఉన్నవాళ్ళకు కూడా ఇవ్వవచ్చు. తీవ్రమైన అలర్జీ రావడం చాలా అరుదు. అయినా అత్యవసర మందుల ట్రే పక్కనే పెట్టుకుంటాం. రేడియేషన్ లేదు. ఈ మందును లివర్ మచ్చల కోసం వాడటానికి అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతి ఇచ్చింది. గుండె అల్ట్రాసౌండ్‌లో బుడగల మెరుపును గ్రామియాక్, షా అనే ఇద్దరు 1968లోనే నివేదించారు. అంటే అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి అర్ధశతాబ్దం దగ్గర పట్టింది.

ఈ పరీక్ష వెనక ఉన్న సూత్రం సులువైనది. ఆరోగ్యమైన లివర్‌కు అందే రక్తంలో సుమారు మూడు వంతులు పోర్టల్ వెయిన్ నుంచి, ఒక వంతు ధమని నుంచి వస్తుంది. హెపాటోసెల్యులర్ కార్సినోమాకు దాదాపు మొత్తం ధమని నుంచే వస్తుంది. ధమనిలో బుడగలు ముందు చేరతాయి, పోర్టల్ వెయిన్‌లో ఆలస్యంగా చేరతాయి. కాబట్టి ట్యూమర్ ముందుగా వెలగాలి. ఆ తర్వాత చుట్టూ ఉన్న లివర్‌కు పోర్టల్ రక్తంతో బుడగలు వచ్చి నిండేసరికి ట్యూమర్ దానిముందు వెలవెలబోవాలి. దీన్నే వాషౌట్ అంటాం.

ఎడమ మోచేతి దగ్గర 20 గేజ్ క్యానులా పెట్టాం. సన్నని సూదిలోంచి జోరుగా నెడితే బుడగలు పగిలిపోతాయి. యంత్రం శక్తిని, అంటే మెకానికల్ ఇండెక్స్‌ను, 0.1 దగ్గరికి తగ్గించాను. స్క్రీన్‌ను రెండుగా చేసుకున్నాను. ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు బుడగల బొమ్మ. ఆయన్ను ఎడమవైపుకు కొంచెం తిప్పి, నెమ్మదిగా ఊపిరి తీసుకోమని చెప్పాను. ఈ రెండు నిమిషాల్లో మచ్చ ఫ్రేములోంచి జారిపోతే మందు వృథా అయినట్టే. 2.4 మి.లీ. మందు ఇచ్చి, సెలైన్ నెట్టడం మొదలుపెట్టగానే టైమర్ నొక్కాం.

15వ సెకను దాకా నల్లటి స్క్రీన్. 17వ సెకనులో ధమని కొమ్మలు తళుక్కుమన్నాయి. 19వ సెకనులో మచ్చ మొత్తం, అంచు నుంచి నడిమి దాకా, ఒకేసారి వెలిగింది. చుట్టూ ఉన్న లివర్ ఇంకా చీకట్లోనే ఉంది. హెమాంజియోమా అయితే అంచుల్లో ముద్దలు ముద్దలుగా మొదలై నెమ్మదిగా లోపలికి నిండేది. ఫోకల్ నోడ్యులార్ హైపర్‌ప్లేసియా (మరో రకం నిరపాయకరమైన కంతి) అయితే మధ్యలోంచి చక్రం ఆకుల్లా బయటకు విచ్చుకునేది. పాకిన క్యాన్సర్ అయితే చాలాసార్లు అంచు మాత్రమే ఉంగరంలా వెలుగుతుంది. ఇక్కడ ఆ మూడూ కనబడలేదు.

మొదటి 60 సెకన్లు ఆపకుండా రికార్డు చేశాం. ఆ తర్వాత 30 సెకన్లకోసారి కొద్ది క్షణాలు మాత్రమే చూశాం. ప్రోబ్ ఆన్‌లో ఉంచి చూస్తూనే ఉంటే మనమే బుడగలను పగలగొట్టేస్తాం, అప్పుడు లేని వాషౌట్ ఉన్నట్టు కనబడుతుంది. నేర్చుకునేవాళ్ళు తరచు చేసే తప్పు ఇది. 60 సెకన్ల దగ్గర మచ్చ, లివర్ రెండూ ఒకే తీరులో ఉన్నాయి. 90 దగ్గర అనుమానం కలిగింది. 120 దగ్గర మచ్చ కొద్దిగా బూడిద రంగుకు దిగింది. 3 నిమిషాలకు తేడా ఎవరికైనా కనబడేంత స్పష్టంగా ఉంది, అయినా పూర్తి నలుపు కాలేదు. ఐదో నిమిషం దాకా అలాగే ఉంది.

సిర్రోసిస్ ఉన్న మనిషిలో 10 మి.మీ. లేదా అంతకంటే పెద్ద మచ్చ ధమని దశలో ఉంగరంలా కాకుండా వెలిగి, 60 సెకన్ల తర్వాత మొదలయ్యే తేలికపాటి వాషౌట్ చూపిస్తే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ లై-రాడ్స్‌లో అది ‘ఎల్ఆర్-5’. అంటే హెపాటోసెల్యులర్ కార్సినోమా అని నిశ్చయించవచ్చు, బయాప్సీ అక్కర్లేదు. ఈ నియమం ముప్పు ఉన్న లివర్‌లకే వర్తిస్తుందన్న షరతును పీజీలు మర్చిపోతుంటారు. మామూలు లివర్‌లో ఇదే బొమ్మకు ఇంత కచ్చితమైన అర్థం లేదు.

వాషౌట్ ఎప్పుడు మొదలైందన్నది ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మరొకరి స్కాన్ గుర్తుచేసుకుంటాను. ఆమెకూ సిర్రోసిస్ ఉంది, మచ్చ 26 మి.మీ. ధమని దశలో అది కూడా వెలిగింది, కానీ 40వ సెకనుకే మసకబారి, రెండు నిమిషాల్లోపే నల్లటి రంధ్రంలా అయిపోయింది. అలా ముందే, గాఢంగా వాషౌట్ అయితే అది ‘ఎల్ఆర్-ఎం’. దాదాపుగా క్యాన్సరే, కానీ ఏ రకమో చెప్పలేం, బయాప్సీ తప్పదు. ఆమెది పిత్తనాళాల నుంచి పుట్టిన కొలాంజియోకార్సినోమా అని తేలింది. చికిత్స దారి పూర్తిగా వేరు. ఇక్కడ బుడగలకు ఒక ప్రత్యేకత ఉంది. అవి రక్తనాళం దాటి బయటకు పోవు. సీటీ, ఎంఆర్ఐలలో మామూలుగా వాడే కాంట్రాస్ట్ మందులు నాళం బయట ఉన్న పీచు కణజాలంలోకి ఇంకి, ఆలస్యంగా కూడా మెరుస్తుంటాయి. కొలాంజియోకార్సినోమాలో అలాంటి పీచు ఎక్కువ. అందుకే ఒకే కంతి ఎంఆర్ఐలో నిలిచి మెరుస్తూ, అల్ట్రాసౌండ్‌లో నల్లబడి కనబడవచ్చు. రెండు రిపోర్టులు పొంతన లేనట్టు అనిపించినా, రెండూ నిజాలే.

అల్ట్రాసౌండ్‌కు అందనిది

నిర్ధారణ అయింది కదా అని అక్కడితో ఆగలేదు. ఒకసారి మందు ఇస్తే ధమని దశలో మనం చూడగలిగేది ఒక్క మచ్చనే. మొత్తం లివర్‌లో ఇంకేమైనా ఉన్నాయా అన్నదానికి సీటీ గానీ ఎంఆర్ఐ గానీ కావాలి. ఎంఆర్ఐ చేయించాం. సెగ్మెంట్ 6 మచ్చ విషయంలో అదే సమాధానం వచ్చింది. దాంతోపాటు సెగ్మెంట్ 8లో, డయాఫ్రమ్ కింద గోపురంలా ఉండే చోట, 8 మి.మీ. ఉన్న మరో చిన్న మచ్చ కనబడింది. ధమని దశలో మెరుస్తోంది, వాషౌట్ లేదు. ఎల్ఆర్-3, అంటే ఎటూ తేల్చలేనిది.

మళ్ళీ ప్రోబ్ పట్టుకుని దానికోసం వెతికాను. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాను, గట్టిగా ఊపిరి బిగబట్టమన్నాను, కూర్చోబెట్టాను, పక్కటెముకల సందుల్లోంచి ప్రయత్నించాను. దొరకలేదు. ఊపిరితిత్తిలోని గాలి అడ్డం వస్తే ధ్వని ముందుకు పోదు. లివర్ ఎంత బాగా కనబడిందో చెప్పే స్కోరు ఒకటి ఉంది. ‘ఎ’ అంటే అంతా కనబడింది, ‘బి’ అంటే కొన్నిచోట్ల చిన్న మచ్చలు తప్పిపోవచ్చు, ‘సి’ అంటే చాలా భాగం కనబడలేదు. నా రిపోర్టులో ‘బి’ అని రాశాను. ఆ స్కోరు రాయకుండా ‘ఇంకే మచ్చలూ లేవు’ అని రాస్తే చదివేవాళ్ళను తప్పుదారి పట్టించినట్టే.

సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో తొలిదశ హెపాటోసెల్యులర్ కార్సినోమాను మామూలు అల్ట్రాసౌండ్ ఒక్కటే పట్టుకోగలిగేది సుమారు 45 శాతం. 2018లో వచ్చిన ఒక మెటా ఎనాలిసిస్ లెక్క ఇది. ఆల్ఫా ఫీటోప్రోటీన్ కూడా కలిపితే 63 శాతం. ఈ అంకెలు చూసి అల్ట్రాసౌండ్ దండగ అనుకోకూడదు. షాంఘైలో హెపటైటిస్ బి ఉన్న, లేదా గతంలో దీర్ఘకాలిక హెపటైటిస్ వచ్చిన 18,816 మంది మీద జరిగి 2004లో ప్రచురితమైన పరిశోధనలో, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, ఆల్ఫా ఫీటోప్రోటీన్ చేసిన వర్గంలో లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. ఆరు నెలలకోసారి క్రమం తప్పకుండా చూడటం, కనబడనిచోటు కనబడలేదని రాయడం, అనుమానం వస్తే తర్వాతి పరీక్షకు పంపడం, ఈ మూడూ కలిస్తేనే ఆ ఫలితం దక్కుతుంది.

చికిత్స

సర్జన్, హెపటాలజిస్ట్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకే ట్యూమర్, 2 సెం.మీ. లోపు, లివర్ పనితీరు బాగుంది. లివర్ క్యాన్సర్ దశలు నిర్ణయించే బార్సిలోనా పద్ధతిలో ఇది అన్నిటికంటే తొలి దశ. ప్లీహం పెద్దదై ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నందున కోసి తీయడం కంటే మైక్రోవేవ్ అబ్లేషన్ (సూది గుచ్చి ట్యూమర్‌ను వేడితో కాల్చేయడం) మేలని అందరం అనుకున్నాం. సెగ్మెంట్ 8 మచ్చను ప్రస్తుతానికి గమనిస్తూ ఉండాలని నిర్ణయం.

అబ్లేషన్ కూడా అల్ట్రాసౌండ్ చూస్తూనే చేశారు. సెగ్మెంట్ 6 పక్కనే పెద్దపేగు మలుపు, కుడి కిడ్నీ ఉంటాయి కాబట్టి సూది దారి ఎంచుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. కాలుతున్నప్పుడు పుట్టే ఆవిరి బుడగలతో ఆ ప్రాంతమంతా తెల్లటి మేఘంలా మారుతుంది. ఆ మేఘం సైజు చూసి కాలిన ప్రాంతం అంతే అనుకోకూడదు. అది సద్దుమణిగాక బల్ల మీదే మళ్ళీ బుడగల మందు ఇచ్చి చూశాం. 34 × 30 మి.మీ. మేర ఏమాత్రం వెలుగు లేని నల్లటి ప్రాంతం. ట్యూమర్ అంచు దాటి అన్నివైపులా 5 మి.మీ. కంటే ఎక్కువే కాలింది. నెల తర్వాత ఎంఆర్ఐలోనూ అక్కడ ప్రాణమున్న కణజాలం కనబడలేదు.

హెపటైటిస్ బికి టెనోఫోవిర్ అనే మందు మొదలుపెట్టారు. పిత్తాశయం ఆపరేషన్ ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

ఈ కేసు తర్వాత నా రిపోర్టు నమూనా మార్చుకున్నాను. మచ్చ గురించి రాసే గడికి పైన, లివర్ ఉపరితలం, ప్లీహం సైజు, పోర్టల్ వెయిన్ అనే మూడు గడులు తప్పనిసరి చేశాను. అవి నింపకుండా కిందికి వెళ్ళడం కుదరదు. హెమాంజియోమా అని రాయాలంటే లీనియర్ ప్రోబ్ బొమ్మ ఒకటి, డాప్లర్ బొమ్మ ఒకటి సేవ్ చేసి ఉండాలి. లివర్ గరుకుగా ఉంటే ఆ మాటతో ఆపకుండా, ‘హెపటైటిస్ బి, సి పరీక్షలు, ప్లేట్‌లెట్లు చూడండి’ అని పంపిన డాక్టరుకు రాస్తున్నాను. ఎనిమిది నెలల నాటి పాత రిపోర్టుకు సవరణ రాసి, తేదీ వేసి, ఆయన ఫైలులో పెట్టించాను. ఆ కాపీ ఆయనకు ఇచ్చినప్పుడు తప్పు నాదని చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. “మా తమ్ముడికి కూడా ఈ పరీక్షలు చేయించమంటారా?” అని అడిగారు.

ఇంట్లో అందరికీ చేయించాం. భార్యకు, పిల్లలిద్దరికీ నెగటివ్ వచ్చింది, టీకా మొదలుపెట్టారు. తమ్ముడికి పాజిటివ్. 49 ఏళ్ళు, ఏ ఇబ్బందీ లేదు. స్కాన్‌కు వచ్చినప్పుడు ముందుగా లీనియర్ ప్రోబ్ తీసుకుని లివర్ ఉపరితలం మీద పెట్టాను. దారం తిన్నగా ఉంది. ప్లీహం 10.4 సెం.మీ. మచ్చలేమీ లేవు. గోపురం దగ్గర కొంత భాగం కనబడలేదని రాసి, ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నాను.

అన్నగారికి నాలుగో నెల ఎంఆర్ఐలో సెగ్మెంట్ 8 మచ్చ 8 మి.మీ. దగ్గరే ఉంది. తర్వాతిది మరో మూడు నెలలకు.